టోల్ కీపర్‌కు ఏడు పాయింట్లు

2 జూలై 2006, ఆదివారం

మా ఫ్యాన్సీ స్టోర్ పైగదిలో ఈరోజు కార్డులాట మ్యాచ్‌లు తొమ్మిది. స్తుతి ఐదు ఆడింది, ఐదూ గెలిచింది. ఓర్వకల్లులో చర్చి ముగించుకొని ఒంటిగంట బస్సుకు కర్నూలు వస్తుంది, ఆరు గంటల బస్సుకు వెళ్ళిపోతుంది. ఆ మధ్యలో మా అందరి పొగరూ దించుతుంది.

కార్డులన్నీ మా గుంపులోని సుందరం బెంగళూరు నుంచి తెచ్చి పంచినవే. మంచివన్నీ తన దగ్గరే ఉంచుకున్నాడు, దొంగసచ్చినోడు. అందుకే పోయిన ఏడాది నేను పాయింట్ల లిస్ట్ పెట్టాను. బలమైన కార్డుకు ఎక్కువ పాయింట్లు, ఒకరు ఆటకు పేర్చుకున్న కట్టలో, అంటే డెక్‌లో, అన్నీ కలిపి పది దాటకూడదు. లిస్ట్ మార్చే అధికారం నాది. అదేదో కలెక్టరు ఉద్యోగమన్నట్టు ఫీలవుతుంటాను.

స్తుతి దగ్గర చెప్పుకోదగ్గ కార్డు ఒక్కటే, టోల్ కీపర్. అది బల్లమీద ఉన్నంతసేపు ఎదుటివాడు ఒకే వంతులో రెండో కార్డు వేయాలంటే చేతిలోది ఇంకొకటి పారేయాలి. దానికి రెండు పాయింట్లు పెట్టాను.

9 జూలై

మళ్ళీ నాలుగుకు నాలుగు. సుందరం ముఖం మాడ్చుకున్నాడు. ఆ కార్డుకు రెండు పాయింట్లేందప్పా, శానా అన్యాయం అన్నాడు. మా పిన్ని కొడుకు ప్రదీప్‌కుమార్ వంత పాడాడు. నోట్‌బుక్ తీసి చూశాను. టోల్ కీపర్ ఉన్న డెక్ ఇరవై ఆరు మ్యాచ్‌ల్లో ఇరవై రెండు గెలిచింది. నాలుగు పాయింట్లు చేశాను.

స్తుతి సరేలే అంది. రెండు కార్డులు తీసేసి డెక్ సర్దుకుంది.

16 జూలై

అయినా గెలిచింది. నన్నే రెండుసార్లు ఓడించింది. ఓడిస్తూ నవ్వుతుంది. ఆ నవ్వు చూడ్డానికి ఎన్నిసార్లయినా ఓడిపోవచ్చనుకుంటాను, తను వెళ్ళాక మాత్రం కడుపుమంట. రెండూ నిజమే. ఆ పిల్లంటే నాకు ప్రాణమని ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనలేదు.

23 జూలై

ఏడు చేశాను.

24 జూలై, ఉదయం 6

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఏడు చేస్తే నా డెక్‌లో ఇంకేం మిగుల్తాదప్పా అని స్తుతి అడిగింది. నేను నోట్‌బుక్ తెరిచి గెలుపోటముల టేబుల్ చూపించాను. నాదేముంది, నంబర్లే చెప్తున్నాయి అన్నాను. అదంతా చదివింది. తర్వాత టోల్ కీపర్‌ను కవరులోంచి తీసి నా ముందు పెట్టింది. అంత గొప్పదైతే మీరే ఆడుకోండి అంది. నాలుగు గంటల బస్సుకే వెళ్ళిపోయింది.

30 జూలై

స్తుతి రాలేదు. సుందరం ఎగబడి టోల్ కీపర్ తీసుకున్నాడు. మూడు ఆడి మూడూ ఓడిపోయాడు.

6 ఆగస్టు

ప్రదీప్ వంతు. నాలుగూ పోయాయి. ఇది ఉత్త చెత్త కార్డన్నా అన్నాడు.

13 ఆగస్టు

పాయింట్లు పక్కనబెట్టి స్తుతి పాత డెక్‌ను కార్డుకు కార్డు గుర్తు తెచ్చుకొని పేర్చాను. ఐదు ఆడాను. ఐదూ ఓడిపోయాను.

దాన్ని ఎప్పుడు వేయాలో నాకు తెలియదు. ఆమె ఎదుటివాడి చేతిలో ఏం మిగిలాయో మనసులోనే పట్టుకొని, వాడికి ఇంకో దారి లేనప్పుడు వేసేది. నా టేబుల్‌లో కార్డు పేరుకు గడి ఉంది. ఆడినవాళ్ళ పేరుకు గడే లేదు. ఏడాదంతా అట్లాగే రాసుకుంటూ వచ్చాను. థూ, నా తెలివి తగలెయ్య.

20 ఆగస్టు

ఓర్వకల్లు పోయాను. స్తుతి వాళ్ళమ్మ విశ్వాసమ్మ మంచినీళ్ళిచ్చింది. పాప కడపలో ఇస్కూల్లో టీచరుగా చేరింది నాయనా, పదైదు దినాలాయె, నీకు చెప్పలేదా అంది. మర్చిపోయాను అని అబద్ధమాడాను.

3 సెప్టెంబరు

కడప. స్కూలు పక్కనే టీచర్ల గదులు. గేటు దగ్గర నిలబడే మాట్లాడింది. తప్పంతా నాదే, గెలిచింది కార్డు కాదు నువ్వే, లిస్ట్ మార్చేస్తాను, ఆదివారం రా అన్నాను. బస్సులో ఐదు గంటలు బట్టీ పట్టిన మాటలు.

కోపమేం లేదంది. కాలేజీలో సీటొస్తే రిజర్వేషన్‌లో వచ్చిందనిరి, ఫస్టొస్తే పేపరు ఈజీగా ఉండాదనిరి, మీ గదిలో మాత్రం నేను గెలిస్తే నేనే గెలిచినానని అనుకుంటాంటి అంది. నువ్వు దానికీ నంబరు రాసిస్తివి కదా తేజేశ్వర్ అంది. ఇంక ఆడనంది. ఎండలో నిలబడద్దు, బస్సుకు పో అంది.

తనంటే ప్రాణమన్న అసలు మాట మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెబితే తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్పినట్టు ఉంటుంది. మూడు నెలల ముందు చెప్పి ఉంటే ఏమయ్యేదో. బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. మైదుకూరు దాటాక పక్క సీటు పెద్దాయన ఎవురు పోయినారు నాయనా అని అడిగాడు. ఎవరూ పోలేదని చెప్పాను. నమ్మలేదు.

10 సెప్టెంబరు

కొత్త లిస్ట్ గోడకు అంటించాను. టోల్ కీపర్, సున్నా. స్తుతి, పది.

సుందరం చదివి కార్డులు కలపడం మొదలుపెట్టాడు. ఈరోజే కొత్తగా వచ్చిన అతని క్లాస్‌మేట్ దావీదురాజు, ఈ పది పాయింట్ల కార్డు ఎవురి దగ్గరుండాదప్పా అని అడిగాడు.

ఎవరి దగ్గరా లేదన్నాను.