మామిడి టెంక

బంగారూ,

నల్లోణ్ణి పక్కింటివాళ్ల కారులో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కాలేజీ నుంచి రాగానే నువ్వూ అక్కడికి వచ్చెయ్. టెంక మింగాడు, పొద్దుటినుంచి కక్కుతూనే ఉన్నాడు.

మీ అమ్మను ఏమీ అనకు. నిన్న టెంక చీకి వాడికి వేసింది నేనే. నువ్వు ఫ్రిజ్‌కి అంటించిన కాగితంలో "మామిడిపండు పెట్టొచ్చు" అన్నంతవరకు కూడబలుక్కుని చదివి, చదివేశానని మురిసిపోయి ఆగిపోయాను. దాని కిందే "టెంక తీసేసి ముక్కలుగా" అని ఉంది. ఇవాళ చదివాను.

మీ తాతను ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు, సాయంత్రానికల్లా వచ్చేస్తామని చీటీ రాసిపెట్టాను. ఈసారి అలా రాయను.

నానమ్మ

గిన్నెలో యాపిల్ ముక్కలు వాడివే. గింజలన్నీ తీసి కోశాను. వాడు మూతి పెట్టలేదు. పారెయ్యకు.