కేకు మీద పౌలు మామ

సెప్టెంబర్ 13, 2011. మంగళవారం. భూపాలపల్లి.

సకల జనుల సమ్మె మొదలైంది! గని టైమ్ ఆఫీసులో నా కుర్చీ ఖాళీ. పొద్దున గేటు దగ్గర నినాదాలు, మధ్యాహ్నానికి ఇల్లు. తెలంగాణ వచ్చేదాకా పనిలోకి పోయేది లేదు. అంటే చేతినిండా తీరిక. తీరికను వృథా చేయడం కూడా ఒక రకం ద్రోహమే అని నా అభిప్రాయం.

అందుకే నిర్ణయం. మరదలు ఎస్తేర్ పెళ్లి అక్టోబర్ 12న, మహబూబాబాద్‌లో. పెళ్లి కేకు నా భార్య రాణి చేస్తోంది. కేకు మీద నిలబడే బొమ్మలు నేను చేస్తాను. బజారులో దొరికే ప్లాస్టిక్ దంపతులు కాదు. అచ్చంగా ఎస్తేర్, ఆమె చెయ్యి పట్టుకుని పౌలు మామ.

మామ మొన్న ఫిబ్రవరిలో పోయాడు. బతుకంతా భూమి కింద బొగ్గు కొట్టినవాడు. చర్చిలో కూతురిని నడిపించుకుపోవాల్సినవాడు. ఎస్తేర్ ఫోన్ చేసి అడిగింది: "బావా, బాపు నన్ను తోలుకపోతున్నట్టు ఒక్క బొమ్మ చేస్తవా? గా కేకు మీదనన్న ఆయన ఉండాలె." చేస్తాను అన్నాను. అవతల ఏడ్చింది. ఇక వెనక్కి తగ్గేది లేదు.

రాణి ఒక్కటే మాట అంది. "పిల్లకు మాటిచ్చినవ్. గిది నీ గిటార్ లెక్క గాదు."

వారానికే అటకెక్కిన ఆ గిటార్ మీద ఈమెకు ఎందుకింత కక్షో!

సెప్టెంబర్ 15

పాలిమర్ క్లే పెట్టె విప్పాను. సమ్మెకు ముందే హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. పేరుకే మట్టి. మైనంలాంటి రంగుల ముద్ద. ఓవెన్‌లో నూట ముప్పై డిగ్రీల మీద అరగంట కాలిస్తే రాయి. కాల్చకపోతే ఎన్నాళ్లయినా మెత్తన.

బీరువా మీద వరుసగా నిలబడే నా చిట్టి బొమ్మల్లోంచి ఒకణ్ని బలి ఇచ్చాను. విదేశీ వీరుడు, జానెడు కూడా లేడు, ప్లాస్టిక్ ఒళ్లు, రొమ్ము విరుచుకుని ఉంటాడు. బ్లేడుతో వాడి భుజాల మీది ఎర్ర వస్త్రం కోసేశాను. ఇక వాడి మీద క్లే కప్పితే చాలు, లోపల ఎముకల పని వాడే చూసుకుంటాడు. దీన్ని కస్టమైజింగ్ అంటారు. రాణి చెడగొట్టుడు అంటుంది.

సెప్టెంబర్ 18

ఎస్తేర్ పూర్తి! ఇది మొత్తం క్లేతోనే. తెల్ల చీర, మేలిముసుగు, పక్కకు చాచిన చెయ్యి. రాణి కేకుల ఓవెన్‌లో అరగంట. బయటికి తీసి గోటితో కొడితే టక్కుమంది!! రాణి తిప్పి తిప్పి చూసి, "ముక్కు మా చెల్లెదే" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు దొరికిన మొదటి ప్రశంసాపత్రం.

సెప్టెంబర్ 20

మామ ముఖం మొదలుపెట్టాను. నమూనా: స్టూడియో ఫోటో. అద్దె కోటు, నిటారు మెడ, రాజాలాంటి నిలకడ. వీరుడి ఒళ్లు అతికినట్టు సరిపోయింది.

అత్త కొమురవ్వ ఫోన్‌లో అడిగింది: "ఏ ఫోటో చూసి చేస్తున్నవ్ బిడ్డా? కోటుదా? ఆయన గట్ల నిలవడంగ నేనెన్నడు సూడలె."

పాపం, అత్తకు కళ గురించి ఏం తెలుసు.

సెప్టెంబర్ 22

ధర్నా టెంటులో ఈరోజు నా గొంతే పెద్దది. "మా బొగ్గు ఆపితే మీ దీపాలు ఆరిపోతయ్!" ఒకటే చప్పట్లు. ఆ ఊపులో ఇంటికొచ్చి మామను ఓవెన్‌లో పెట్టి మీట నొక్కాను. పది నిమిషాలు కాలేదు, కరెంటు పోయింది.

ఆరింది మా దీపమే.

సెప్టెంబర్ 25

బొగ్గు లేదు కాబట్టి కరెంటు లేదు. బొగ్గు తీయనిది మేమే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. వస్తే పావుగంట, పోతే పూటంతా. మామ సగం వేడెక్కుతాడు, చల్లారుతాడు.

రాణి: "పాత కుక్కర్ల ఇసుక పోసి సన్న సెగ మీద పెట్టు. కరెంటు లేనప్పుడు నా కేకులన్ని గట్లనే అయితయ్ గదా."

"అది కేకు. ఇది కళ. నూట ముప్పై డిగ్రీలంటే నూట ముప్పయ్యే."

"సరే, నీ డిగ్రీలు నువ్వే సూస్కో."

సూత్రం విడవను. విడిచేవాడు కళాకారుడు కాదు.

సెప్టెంబర్ 29

పక్కింటి అమర్‌సింగ్ వచ్చాడు. గనిలో మామతో కలిసి పనిచేసినవాడు. చూపించాను.

"ఎవలన్నా ఈన? పోలీసాయననా?"

"పౌలు మామ."

"పౌలన్నను నేనెరుగనా? జర గిటియ్యి," అని బొటనవేలితో బుగ్గ నొక్కాడు. మామకు సొట్ట పడింది. కాల్చి ఉంటే ఈ అవమానం జరిగేదా? తప్పంతా కరెంటుది.

అక్టోబర్ 3

ఏమీ చేయలేదు. ఉద్యమం ముఖ్యం.

అక్టోబర్ 4

ఏమీ చేయలేదు. వాన. క్లేకు చెమ్మ మంచిది కాదని ఎక్కడో చదివినట్టు గుర్తు.

అక్టోబర్ 6

దసరా. పక్కింటివాళ్లు జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టారు. అలాయ్ బలాయ్ అంటూ కౌగిలింతలు. బొమ్మ మీద జేబురుమాలు కప్పాను. దుమ్ము పడకుండా అని రాణికి చెప్పాను. నిజం ఏమిటంటే, మామ నావైపే చూస్తున్నట్టుంది.

అక్టోబర్ 8

ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయాను, ప్లాస్టిక్ దంపతుల కోసం. దుకాణం బంద్. నిన్న ఊరేగింపుగా పోయి మూయించిన దుకాణమే. షట్టర్ దించింది నేనే.

అక్టోబర్ 10

ఎస్తేర్ ఫోన్. "బావా, బాపు అయిండా?"

"చివరి మెరుగులు దిద్దుతున్నా."

"అమ్మ నిద్రపోతలేదు బావా. ఎప్పుడు సూస్త, ఎప్పుడు సూస్త అంటాంది."

ఫోన్ పెట్టేశాక బొమ్మ మీది జేబురుమాలు తీసి చూసి, మళ్లీ కప్పేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబర్ 11. పెళ్లి రేపే.

పొద్దున్నుంచి కరెంటు జాడ లేదు. రాణి పక్కింట్లో కేకు మీద క్రీము పూస్తోంది. చడీచప్పుడు లేకుండా పాత కుక్కర్‌లో ఇసుక పోసి, గిన్నెలో మామను నిలబెట్టి, మూత పెట్టి, సన్న సెగ. అవును, ఇసుకే! సూత్రం ఒక్కరోజు సెలవు పెట్టింది.

అప్పుడే వాకిట్లో అమర్‌సింగ్. "అన్నా, టెంటుల మాట్లాడేటాయన రాలె. జర నువ్వు రా. అయిదు నిమిషాలే."

పోయాను. అంశం: పట్టుదల. "పట్టిన పని విడిచే జాతి కాదు మనది!" అన్నాను. చప్పట్లు. ఆ చప్పట్ల మీద ఇంకొంచెం మాట్లాడాను. వాటి మీద మరికొంచెం.

తిరిగొచ్చేసరికి మా కిటికీలోంచి పొగ.

రాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పొయ్యి ఆర్పుతోంది. మూత తీశాం. మామ నల్లగా మాడిపోయాడు. లోపలి ప్లాస్టిక్ వీరుడు కరిగి మెత్తబడ్డాడు. విరిచిన రొమ్ము లోపలికి పోయింది, నడుము వంగింది, మెడ ముందుకు వాలింది, ఒక మోకాలు మడత పడింది. కోటు కోటులా లేదు. ముఖంలో కళ్ల చోటు ఒక్కటే కాస్త తెలుపు.

వంటింటి గడపలో కూలబడి ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, ఏడ్చాను. చనిపోయిన మనిషిని ఇంకోసారి పాడుచేసినట్టు అనిపించింది.

రాణి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చల్లారాక కొంగుతో తుడిచి, ఎస్తేర్ బొమ్మ పక్కన అట్టపెట్టెలో పెట్టింది.

"వద్దు రాణీ."

"మాటిచ్చింది నువ్వు. చూపించుడు గూడ నువ్వే."

అక్టోబర్ 12. మహబూబాబాద్.

బస్సులు బంద్. బండి మీదే వచ్చాం, కేకు పెట్టె రాణి ఒళ్లో. దారి పొడుగునా మనసులో ఉపన్యాసం తయారు చేసుకున్నాను: కరెంటు కోత, బొగ్గు కొరత, కళాకారుడి కష్టాలు. నర్సంపేట దాటేసరికి అది కూడా అయిపోయింది.

ఎస్తేర్ పెళ్లి చీరలోనే పరుగున వచ్చి అట్టపెట్టె విప్పింది. చూసింది. నేను గొంతు సవరించుకున్నాను.

అంతలో అత్త వచ్చి బొమ్మను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. వంగిన నడుము మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాసింది.

"షిఫ్టు దిగి ఇంటికొచ్చినట్టే ఉన్నడు," అంది. "మొకమంత మసి, కండ్లొక్కటే తెల్లగ. గిట్లనే వొంగి గడపల నిలవడేటోడు, నీళ్లు తోడే అని."

ఎస్తేర్ నా చెయ్యి పట్టుకుంది. "బావా, గా కోటు ఫోటో చూసి చేస్తవనుకున్న. బాపు నడుము నీకెట్ల యాదికున్నది?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. రాణి నా కాలు తొక్కింది. గట్టిగా.

మామ కేకు ఎక్కలేదు. ఎస్తేర్ ఎక్కనివ్వలేదు. పూలగుత్తితో పాటు ఆయన్ను గుప్పిట్లో పట్టుకునే చర్చిలోకి నడిచింది. రెండో చెయ్యి నా మోచేతిలో. ఇంటి పెద్దల్లుడిని కదా. నడుస్తున్నంతసేపూ నేను తల ఎత్తలేదు. పెద్దల్లుడు కృపాకర్ ఎంత వినయవంతుడో అని వెనకెవరో అన్నారు.

అక్టోబర్ 20. భూపాలపల్లి.

సమ్మె ఆగింది, డ్యూటీ ఎక్కాం. తెలంగాణ రాలేదు. కరెంటు వచ్చింది.

సాయంత్రం అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, ఆయన ఒక్కడే బల్ల మీద నిలవడ్డడు. పక్కన నన్ను గూడ చేసిపెట్టు. సోకు చెయ్యకు. ఆయనను చేసినట్టే చెయ్యి."

ఆయనను చేసినట్టే!

సరే. నిర్ణయం, మళ్లీ, ఈసారి గట్టిది. రేపటి నుంచి రోజూ, డ్యూటీ దిగగానే, వేరే ధ్యాస లేకుండా. బీరువా మీంచి ఇంకో వీరుణ్ని దించాను, కత్తి పట్టుకుని నిలబడేవాణ్ని. కత్తి కోసేశాను. ఇక తెలియాల్సింది ఒక్కటే. సెగ ఎంత, సమయం ఎంత?

అమర్‌సింగ్ దగ్గరికి పోయి, ఆరోజు టెంటులో నేను ఎంతసేపు మాట్లాడానని అడిగాను.

"చానసేపు మాట్లాడినవన్నా," అన్నాడు. "సగం మంది లేచిపోయిన్రు."

దాన్ని డిగ్రీల్లోకి ఎలా మార్చాలో క్లే పెట్టె మీద ఎక్కడా రాయలేదు. ఓవెన్ ఎర్రగా వెలుగుతోంది, రాణి అందులో కేకు పెట్టుకుంది. నేను పెరట్లో కూర్చుని ఇసుక జల్లిస్తున్నాను.