గ్లోరియాకు రాసిచ్చిన లెటర్

మార్చి 9, 2025. ఆదివారం. విండ్సర్, కెనడా

ఈరోజు ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పాను. గ్లోరియాకు PR కోసం ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాసిచ్చే కృప దేవుడు నాకిచ్చాడని. అందరూ హల్లెలూయా అన్నారు. మా సంఘంలో ఎవరి ఫారమైనా నింపేది నేనే మరి.

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. మా ఓల్డేజ్ హోమ్ కిచెన్‌లో గ్లోరియా హెల్పర్. సూపర్‌వైజర్‌ని నేనే కనుక కుక్ అని రాసిచ్చాను. హెల్పర్‌కు PR ఎవరిస్తారు? ఉన్నది ఉన్నట్టే రాయండి ఆంటీ అని ఆ పిల్ల పదిసార్లు చెప్పింది. పిచ్చిది.

సెప్టెంబర్ 8, సోమవారం

గ్లోరియాకు ఇమ్మిగ్రేషన్ నుంచి లెటర్. మా HRకి ఫోన్ చేశారట. హెల్పర్ అని HR వాళ్లు చెప్పారట. మిస్‌రిప్రజెంటేషన్, అంటే అబద్ధం చెప్పి దరఖాస్తు పెట్టిందని. వారంలో జవాబివ్వాలి, లేకపోతే అయిదేళ్లు బ్యాన్. వర్క్ పర్మిట్ నవంబర్ వరకే.

ఫారం మీరు నింపాక చదివేదేముంది ఆంటీ, అలాగే సంతకం పెట్టేశాను అంది.

సెప్టెంబర్ 9

గ్లోరియాతో లాయర్ దగ్గరికి వెళ్లాను.

సెప్టెంబర్ 10, ఉదయం 5:40

నువ్వు ఆమెకు డిస్‌సర్వీస్ చేశావు అన్నాడు నిన్న గ్లోరియా లాయర్. ఎంత మెత్తటి మాట! కాఫీలో చక్కెర తక్కువైనట్టు.

మన మాట అపకారం. అమ్మ దాన్ని పగవాళ్లకే వాడేది. గట్టు జరిపినవాడు, చాడీలు చెప్పి కాపురం చెడగొట్టినది. చేతనైతే ఉపకారం చెయ్యి, లేదా ఊరుకో, అపకారం మాత్రం చెయ్యకు అనేది. నేనా? గ్లోరియా మీద నాకు పగేముంది? ప్రేమతోనే కదా చేశాను!

ప్రేమతో చేస్తే మాత్రం ఆ పిల్లకు అయిదేళ్లు నాలుగవుతాయా?

సెప్టెంబర్ 12, శుక్రవారం

మా ఆయన ఇమ్మాన్యుయేల్ ఒకటే పోరు. ఆ లెటర్ గ్లోరియానే టైప్ చేసి తెచ్చింది, చూడకుండా సంతకం పెట్టాను అని ఇమ్మిగ్రేషన్‌కు రాయమంటాడు. నీ ఉద్యోగం పోతే మన గతేంటి అంటాడు.

రాశాను. అవును, రాశాను. ప్రింట్ కూడా తీశాను. ప్రభువా, నేనేం మనిషిని! చింపేశాను.

సెప్టెంబర్ 13

నిజం రాసి లాయర్‌కు పంపాను. మా మేనేజర్‌కు కాపీ. ఇది చాలుతుందని చెప్పలేను అన్నాడు లాయర్.

సెప్టెంబర్ 14, ఆదివారం

సాక్ష్యానికి లేచాను. అలవాటుకొద్దీ ముందే హల్లెలూయా అన్నారు.

గ్లోరియాకు నేను అపకారం చేశాను అన్నాను.

వెనక వరసలో గ్లోరియా తలెత్తింది. అవును ఆంటీ అంది.