ఐదు నిమిషాలు ఊరికే మాట్లాడాలి

ఆదోని, మంగళవారం

సాయంత్రం 4:40కి మా పత్రికాఫీసు ఫోనులో మాట తెగడం ఆగింది. ఇంటర్నెట్ మీద నడిచే ఫోను అది. వారం నుంచి అవతలివాళ్ల మాటలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. నెట్‌వర్కు చూసే మస్తాన్ వచ్చి, మనం పంపే వార్తల ఫొటోలే లైనంతా తింటున్నాయని తేల్చాడు. రౌటర్‌లో ఫొటోల కన్నా ముందు ఫోను మాటకు దారిచ్చాడు.

"ఫొటోలు ఇప్పుడూ పోతానే ఉండాయి సార్. ఎవరికన్నా ఫోన్ చేసి ఐదు నిమిషాలు ఊరికే మాట్లాడండి. తెగుతాదేమో సూద్దాం."

నా దగ్గర వందల నంబర్లున్నాయి. అన్నీ వార్త కోసం చేసేవే. ఊరికే మాట్లాడేది ఒక్కటీ కనబడలేదు. చివరికి ఎమ్మిగనూరు నేతగాడు వీరేశన్నకు చేశాను. ఇరవై ఏళ్లుగా చేనేత వార్తలకు ఆయన్నే అడుగుతున్నాను.

"ఏమప్పా, యాడ ఏం జరిగింది?"

"ఏం జరగలేదన్నా. ఫోను బాగైందా లేదా అని చూస్తున్నాం."

"ఓహో, వార్త లేకున్నా చేస్తావా నువ్వు! సరే, అన్నం తింటివా?"

ఆ మాట చివరిసారి నన్ను ఎవరు అడిగారో గుర్తు రాలేదు. లేదని చెప్పాను. ఐదు నిమిషాలయ్యాయని మస్తాన్ చెయ్యెత్తాడు. నేను ఫోను పెట్టలేదు.

రేపు సాయంత్రం ఫొటోల రద్దీలో ఇంకోసారి పరీక్షించాలట. వీరేశన్నకు చెప్పాను. ఐదు గంటలకు మగ్గం ఆపి కూర్చుంటానన్నాడు.