కావ్య వచ్చేలోగా గేర్‌బాక్స్

నవంబర్ 4, సోమవారం
మూడో గేరు పోయింది. వేయగానే తన్నుకుని న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. రుద్రూర్‌లో ల్యాబు నుంచి నిజామాబాద్‌లో ఇంటి దాకా ఎడమ చేత్తో గేరు రాడ్డును అదిమిపట్టుకునే నడిపాను. భుజం లాగేస్తోంది. ఎవరికి చెప్పాలో తెలియక రాస్తున్నాను.

నవంబర్ 5
మెకానిక్ దేవన్న విప్పి చూశాడు. లోపల గేర్ల పళ్లు అరిగిపోయాయట. దీనికి కొత్త సామాను రాదు మేడం, ఇదే మోడల్‌ది పాత గేర్‌బాక్స్ దొరికితే ఎక్కిస్త, లేకుంటే తూకానికి అమ్ముకోండ్రి అన్నాడు.

అమ్మను. 17న కావ్య వస్తోంది. విడాకులయ్యాక నా కూతురు బోధన్‌లో వాళ్ల నాన్న దగ్గరే ఉంటోంది. పోయిన వారం ఫోన్ చేసి, పరీక్షలైపోయినయమ్మా, పది రోజులు వస్త, డ్రైవింగ్ నేర్పిస్తవా అని అడిగింది. ఆరేళ్లలో నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. ఎప్పుడొచ్చినా పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయే పిల్ల. పది రోజులు! కారు లేకపోతే ఆ పది రోజులూ లేవు.

నవంబర్ 7
బస్సులో నిలబడే వెళ్లాను. ల్యాబులో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ల్యాబులోనూ మట్టి శాంపిల్స్ గురించే.

నవంబర్ 10, ఆదివారం
రేపు నేను గూడ వస్త, ఇద్దరం పోదం మేడం అన్నాడు దేవన్న. ఒకరి కోసం ఆగడం నాకు రాదు. ఏమేం చూడాలో అడిగి, కాగితం మీద రాసుకుని, పాత సామాన్ల గల్లీకి ఒక్కదాన్నే వెళ్లాను.

ఖలీల్ భాయ్ రెండు గేర్‌బాక్సులు ముందు పెట్టాడు. ఒకటి వెండి రంగు పూసుకుని పెళ్లికొడుకులా ఉంది. రెండోది జిడ్డు, మట్టి. పెళ్లికొడుకు లోపల ఒక్క చుక్క ఆయిల్ లేదు. ఎప్పుడో ఒంపేశారు. ఏం జరిగిందో చూడటానికి ఏమీ మిగల్చలేదు. జిడ్డుదాని బోల్టు విప్పించి, ఆయిలంతా ఇనుప తట్టలోకి ఒంపించాను. వేళ్ల మధ్య రుద్దాను. మట్టిని పరీక్షించే చేతులు కదా! నల్లగా ఉంది కానీ మెరిసే పొడి లేదు. అంటే లోపల ఇనుము రాలలేదు. షాఫ్ట్ తిప్పితే మెత్తగా తిరిగింది, ఊపితే ఆడలేదు. గేర్లన్నీ పడ్డాయి. అదే తీసుకున్నాను.

అందరు పైన సూసి తీస్కపోతరు, మీరు లోపల సూసిండ్రు మేడం అని ఖలీల్ భాయ్ మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరూ లేరు. చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

నవంబర్ 14
దేవన్న ఇవాళ పని మొదలుపెట్టాడు. ఎటూ విప్పాం కాబట్టి క్లచ్ ప్లేటు కూడా కొత్తది వేయమన్నాను.

నవంబర్ 15, శుక్రవారం
కార్తీక పౌర్ణమి. షాపు బంద్. దేవన్నను మనసులో బాగా తిట్టుకున్నాను.

కావ్య గదిలో దుప్పట్లు మార్చాను. కావ్య గది అని నేనే అంటాను. అందులో అది ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

నవంబర్ 16, శనివారం
దేవన్న ఫోన్. గేర్‌బాక్స్ ఎక్కించిన మేడం, ఒక్క చిన్న పని ఉన్నది, ఇయ్యాల శనివారం కద, రేపు పొద్దుగాల తొమ్మిదింటికి రాండ్రి అన్నాడు.

నిమ్మకాయల సంగతే అయి ఉంటుంది. ఏ బండి బాగుచేసినా టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించనిదే తాళం ఇవ్వడు. శనివారం దానికి కూడా పనికిరాదు కాబోలు. తొమ్మిది దాకా ఎవరాగుతారు? ఎనిమిదింటికల్లా బోధన్‌లో ఉంటానని కావ్యకు చెప్పేశాను.

నవంబర్ 17, ఆదివారం, ఉదయం 6.45
కారులోనే రాస్తున్నాను. దేవన్న తాళాలు పక్కన టీ కొట్టు హన్మవ్వ దగ్గర పెడతాడు. దేవన్నను రానియ్ బిడ్డా అంది. నిమ్మకాయలు నేనే తెచ్చుకున్నానని చెప్పి తాళం తీసుకున్నాను. నాలుగు టైర్ల కింద నాలుగు పెట్టి తొక్కించాను. అయిపోయింది. బయల్దేరుతున్నాను.

7.40
ఎడపల్లి దాటాక కారు చచ్చింది. ముందు సన్నగా ఈల, తర్వాత ఏడుపు, కాలిన వాసన, ఆపైన ఒక్కసారిగా పట్టేసింది. దేవన్నకు ఫోన్ చేశాను. అయ్యో, ఆయిల్ పొయ్యలే మేడం అన్నాడు. శనివారం ఇనుము, నూనె ఎవలన్న కొంటరా, పొద్దుగాల తెచ్చి పోద్దమని ఉంచిన అన్నాడు.

చిన్న పని అంటే అదీ. ఉన్న ఆయిల్ ఒంపించింది నేనే. ఆ సంగతి గుర్తే రాలేదు.

పది నిమిషాలు చెరకు తోటను చూస్తూ కూర్చున్నాను. చివరికి కావ్యకు చేశాను. అక్కడ్నే ఉండు అని పెట్టేసింది. కోపం వచ్చినట్టుంది. పది రోజులూ పోయాయి. ఏడుస్తున్నాను.

సాయంత్రం
అరగంటకు బోధన్ వైపు నుంచి వాళ్ల నాన్న కారు వచ్చింది. నడుపుతున్నది కావ్య. పక్కన ఎవరూ లేరు. చెరకు ట్రాక్టరుకు దారిచ్చి, ఆ సన్న రోడ్డు మీద రివర్సు చేసి, నా కారు వెనకే ఆపింది. గేరు రాడ్డు వంక ఒక్కసారీ చూడలేదు.

ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. ఎండాకాలంల, డాడీ నేర్పిండు అంది. మరి నన్నెందుకు నేర్పమన్నావన్నాను. ఊకెనే వస్త అంటే 'ఎందుకు, ఏం పని' అంటవ్ కదమ్మా, అందుకే పని చెప్పిన అంది.

నిజమే. అంటాను. ఎవరి అవసరమూ లేనిదానిలా కనబడాలని అంటాను. నా దగ్గర ఉండటానికి నా కూతురికి ఒక సాకు కావలసి వచ్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. వచ్చినందుకు సంతోషంగా ఉందని చెబుదామనుకున్నాను. అన్నం తిన్నావా అని మాత్రం అడిగాను.

నవంబర్ 21, గురువారం
దేవన్న రెండు బేరింగులు మార్చి, ఆయిల్ పోసి ఇచ్చాడు. కాస్త మూలుగుతుంది, కానీ నడుస్తుంది.

కావ్య వెళ్లడానికి ఇంకా ఆరు రోజులు.

ఇవాళ గ్రౌండ్‌లో కావ్య క్లచ్ ఒక్కసారిగా వదిలేసి కారును మూడుసార్లు ఆపేసింది. కావాలనే. మూడుసార్లూ నేను క్లచ్ ఎలా వదలాలో మొదటి నుంచి చెప్పాను.