తొమ్మిదిన్నర అంగుళాలు

2025 ఆగస్టు 19, మంగళవారం, సాయంత్రం 6:10

ఈ సాయంత్రం 4:20కి గుడివాడ బస్టాండులో పోలీసులు అంకమ్మరావును పట్టుకున్నారు. ప్యాంటు జేబులో బటన్ కత్తి దొరికింది. అతను గిలకలదిండి రేవులో చేపల బోటు మీద పనిచేస్తాడు. గత నెల వలతాడు కాలికి చుట్టుకుని సముద్రంలోకి లాగుతుంటే, ఆ కత్తితోనే ఒంటిచేత్తో తాడు కోసుకుని బతికాడు. ఆ వార్త రాసింది నేనే.

ఆగస్టు 20

రిమాండ్. కాగితాలకు నా వార్త జతచేశారు. 'తొమ్మిదిన్నర అంగుళాల కత్తి' అన్న మాట కింద ఎర్ర గీత ఉంది.

ఆగస్టు 21

ఆయుధాల చట్టం మళ్లీ చదివాను. బ్లేడు తొమ్మిది అంగుళాల పొడవో, రెండంగుళాల వెడల్పో దాటితే ఆయుధం. ఇంటికి, సేద్యానికి, పరిశ్రమకు చేసిన కత్తులు అందులో రావు.

నోట్‌బుక్ తీశాను. వార్త కోసం వెళ్లిన రోజు కత్తి తెరిచి, పిడితో కలిపి కొలిచాను. రేవులో వంజరం చేపను తోకతో కలిపి కొలుస్తారు. అదే అలవాటు. బ్లేడు నాలుగంగుళాలే. డెస్క్‌కు సవరణ పంపాను.

సాయంత్రం అతని భార్య ప్రసన్నలక్ష్మి ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మీ పేపరు గోడకు అంటించుకున్నాం అన్నయ్య గారూ, ఇప్పుడు ఉంచమంటారా, చింపెయ్యమంటారా అని అడిగింది.

ఆగస్టు 22

సవరణ ఏడో పేజీలో వచ్చింది. మూడు లైన్లు. అది చాలదండీ, అఫిడవిట్ ఇవ్వండి అన్నారు అతని లాయర్ సోమేశ్వరరావు గారు. బ్లేడు నాలుగంగుళాలని ఒక లైను. కత్తి వల పనికి తప్ప మరి దేనికీ కాదని అతను మీతో చెప్పినట్టు ఇంకో లైను. సరేనన్నాను.

ఆగస్టు 23

ఇది వార్తలో రాయలేదు. ఫొటో అయ్యాక కత్తి మడుస్తూ అంకమ్మరావు ఒక మాట అన్నాడు. గుడివాడ వ్యాపారి కొండయ్య చేపల వేలంపాటలో నలుగురి ముందూ తన చెంప మీద కొట్టాడట. వలకైతే ఏ కత్తయినా చాలు బావా, ఇది వాడి కోసం కొన్నాను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

మంగళవారం గుడివాడ ఎందుకు వెళ్లాడో భార్యకు కూడా చెప్పలేదు.

ఆగస్టు 24, ఆదివారం, ఉదయం

కొండయ్య ఫోన్ చేశాడు. మెల్లగా మాట్లాడాడు. వాడికి బెయిలొస్తే కాస్త ముందు చెప్పండి సార్, పిల్లల్ని పెడనలో మా అత్తగారింటికి పంపించేస్తాను అన్నాడు.

రాత్రి

అఫిడవిట్ టైపై వచ్చింది. మొదటి లైను నిజం. సంతకం రెండు లైన్లకూ ఒకటే.

రేపు ఉదయం తొమ్మిదికి నోటరీ. పదిన్నరకు బెయిల్ విచారణ.