మీ అక్క చెప్పిన మాట

చిరంజీవి సైదులుకు,

ఆఖరి రోజు నల్గొండ దవాఖానలో మీ అక్క తెల్లవారినప్పటి నుంచి మాట్లాడలేదు. నోట్లో గొట్టం ఉంది. మధ్యాహ్నం మా బిడ్డ నవనీతను తీసుకొచ్చి చూపిస్తే, పిల్ల చెదిరిన జుట్టు చూసి, దువ్వమన్నట్టు వేళ్లు కదిపింది. సాయంత్రం పోయింది.

పదకొండో రోజున నువ్వు అందరి ముందు అన్నావు: "బావా, అక్క పోయేముందు నా చెయ్యి పట్టుకొని చెప్పింది. పిల్లను మా ప్రైవేటు బడిలనే ఎయ్యుమన్నది. సర్కారు బడికి తోలొద్దన్నది." మీ అవ్వ కళ్లు తుడుచుకొని తలూపింది.

ఈ ఎండాకాలం నువ్వు పాఠాలు చెప్పే ఆ బడిలో ప్రతి పంతులూ కొత్త పిల్లలను తేవాలట, లేకపోతే కొలువు ఉండదట. నిజమేనా? నిజమైతే ఆ మాటే చెప్పవలసింది, తప్పుపట్టేవాణ్ణి కాదు. ఆ రోజు నేను మందులకు కిందికి వెళ్లినప్పుడు నువ్వొక్కడివే ఆమె దగ్గరున్న ఆ కాసేపట్లో, గొట్టం ఉన్న నోటితో ఆమె నీకు అంత మాట ఎలా చెప్పిందో రాయి.

నేను చదివిన సర్కారు బడి ఇప్పుడెలా ఉందో, దాని మీదా నాకు అనుమానమే. అయినా రేపు పొద్దున నవనీతకు తల దువ్వి, నాకు వచ్చినట్టు జడ వేసి, అక్కడే చేర్పిస్తాను.

నీ బావ